మారుతి 1300 సీసీ ఇంజిన్‌ని ట్రాక్‌కి సిద్ధం చేయడం: ముందు కొలత, తర్వాత కోత

ఎస్టీమ్ ఎంపీఎఫ్‌ఐ (ఇంజెక్టర్లతో పెట్రోలు పోసే రకం), జిప్సీ కింగ్ ఎంపీఎఫ్‌ఐ, 2005లో వచ్చిన మొదటి స్విఫ్ట్ పెట్రోల్. పైకి మూడు వేరు బళ్ళు. బానెట్ ఎత్తితే మాత్రం లోపల ఒకే ఇంటి ఇంజిన్: సుజుకీ జీ13బీబీ. 1298 సీసీ, నాలుగు సిలిండర్లు, పదహారు వాల్వులు, హెడ్ మీద వాల్వుల్ని తెరిచే ఒకే క్యామ్‌షాఫ్ట్, అల్యూమినియం బ్లాకులో ఇనుప స్లీవులు, క్రాంక్ నుంచి క్యామ్‌ని తిప్పే టైమింగ్ బెల్టు. బండిని బట్టి కంపెనీ దీన్నుంచి 80 నుంచి 87 బీహెచ్‌పీ (ఇంజిన్ శక్తి కొలత) దాకా తీసింది. టర్బో జోలికి పోకుండా, నాలుగు ల్యాపులకే చేతులెత్తేయకుండా, దీన్ని 100-105 బీహెచ్‌పీకి తేవడం ఎలాగో ఇక్కడ వరుసగా ఉంది.

ఈ పనిలో డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది పార్టులు ముందు కొని, కొలతలు తర్వాత తీసేవాళ్ళకి. క్యామ్ వచ్చాక వాల్వు పిస్టన్‌కి తగులుతుందని తెలుస్తుంది. హెడ్ కోయించాక కంప్రెషన్ ఎంతకి వచ్చిందో ఎవరికీ తెలియదు. అందుకే ఈ వరుసలో కొలతే ముందుంటుంది.

కాగితాల సంగతి

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న వివరాలకి, కంపెనీ ఇచ్చిన నిర్మాణానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని మార్పుకి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఇంజిన్ మార్చినా ఆర్టీఓ అనుమతి తీసుకుని, ఆర్సీలో కొత్త ఇంజిన్ నంబరు ఎక్కించుకోవాలి. కాబట్టి ఇక్కడ చెప్పేది ట్రైలర్ మీద ట్రాక్‌కి వెళ్ళి ట్రైలర్ మీదే తిరిగొచ్చే బండికి. రోడ్డు బండికి పనికొచ్చేవి ఇందులో రెండే: కొలతల ప్రకారం చేసిన రీకండిషనింగ్, కూలింగ్.

పోటీల్లో దిగే ఆలోచన ఉంటే ఎఫ్‌ఎంఎస్‌సీఐ (మన దేశంలో మోటారు పోటీల్ని నడిపించే సంఘం) ఆ ఏటి సాంకేతిక నియమాలు, మీరు దిగబోయే తరగతివి, ముందే చదవండి. కొన్ని తరగతుల్లో క్యామ్ మార్చకూడదు, కొన్నింట్లో హెడ్‌లో గీత కూడా గీయకూడదు. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలోనో కోయంబత్తూరు కరి స్పీడ్‌వేలోనో స్క్రూటినీ దగ్గర బండి ఆగిపోయాక చేయగలిగింది ఏమీ ఉండదు.

ఈ ఇంజిన్నే ఎందుకు?

ఎస్టీమ్‌లోకి పాత బాలెనో 1600 ఇంజిన్ దించడం మన దగ్గర చాలా కాలంగా ఉన్న ముచ్చట. తప్పు కాదు, కానీ రెండింటి స్వభావం వేరు. జీ13బీబీ బోర్ (సిలిండర్ వ్యాసం) 74 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కింద నుంచి పైదాకా కదిలే దూరం) 75.5. బాలెనో జీ16బీ బోర్ 75, స్ట్రోక్ ఏకంగా 90. పిస్టన్ సగటు వేగం లెక్క కడితే తేడా తెలుస్తుంది: స్ట్రోక్‌ను మీటర్లలో తీసుకుని రెండుతో, ఆర్‌పీఎంతో (నిమిషానికి చుట్లు) గుణించి, 60తో భాగించాలి. 1300 ఇంజిన్ 7500 ఆర్‌పీఎం దగ్గర సెకనుకి 18.9 మీటర్లు. 1600 ఇంజిన్ అదే వేగాన్ని 6300 దగ్గరే అందుకుంటుంది. మామూలు పిస్టన్లు, మామూలు రాడ్లతో సెకనుకి 20 మీటర్లు దాటించకపోవడం మంచిది.

అంటే కింది ఆర్‌పీఎంలో లాగే శక్తి కావాలంటే, చిన్న మలుపుల ఆటోక్రాస్‌కి, మట్టి ర్యాలీకి, 1600 మేలు. పైదాకా తిప్పి నడిపే ట్రాక్ బండికి 1300. పైగా ఎల్‌జీబీ ఫార్ములా 4 రేసు కార్లు స్విఫ్ట్ 1300 ఇంజిన్‌తోనే పరిగెత్తాయి కాబట్టి, దక్షిణాదిన దీని లోతుపాతులు తెలిసిన మెషీన్ షాపులు దొరుకుతాయి. పార్టు దొరకడం కన్నా అదే పెద్ద లాభం.

తర్వాతి స్విఫ్ట్‌లో వచ్చిన కే12ఎం కూడా మంచిదే. చెయిన్ టైమింగ్, తక్కువ బరువు. కానీ పాత బండిలో దించాలంటే వైరింగ్, మౌంటింగులు అన్నీ కొత్తగా చేయించాలి. మొదటి ప్రాజెక్టుకి వద్దు.

బీహెచ్‌పీ ఎక్కడ దొరుకుతుంది?

లెక్క చిన్నది. టార్క్‌ను (ఇంజిన్ తిప్పే బలం) న్యూటన్ మీటర్లలో తీసుకుని ఆర్‌పీఎంతో గుణించి 7121తో భాగిస్తే బీహెచ్‌పీ వస్తుంది. 4500 దగ్గర 110 న్యూటన్ మీటర్లు అంటే 69.5 బీహెచ్‌పీ. 6000 దగ్గర 85 బీహెచ్‌పీ అంటే అక్కడ టార్క్ 101కి దిగిందన్నమాట. ఇప్పుడు 7000 ఆర్‌పీఎం దగ్గర 105 న్యూటన్ మీటర్లు నిలబెట్టగలిగితే 103 బీహెచ్‌పీ.

టర్బో లేని ఇంజిన్‌లో టార్క్ అంకె పెద్దగా పెరగదు. ఉన్న టార్క్‌ను పై ఆర్‌పీఎందాకా జారిపోకుండా పట్టుకోవడమే పని. హెడ్, క్యామ్, ఎగ్జాస్ట్ దానికి. 7000 దగ్గర ఇంజిన్ బతికి ఉండటానికి బాటమ్ (క్రాంక్, రాడ్లు, పిస్టన్లు), ఆయిల్, కూలింగ్.

సీసీ పెంచడం గురించి ఒక మాట. 0.5 మి.మీ. ఓవర్‌సైజ్ బోర్ చేయిస్తే 1298 కాస్తా 1316 అవుతుంది. ఒకటిన్నర శాతం కూడా కాదు. బోర్ అరిగితేనే చేయించండి, పవర్ కోసం కాదు. పైగా స్లీవు గోడ పలచబడితే వేడికి గుండ్రదనం పోతుంది, ఆ కాస్త లాభమూ రింగుల పక్కనుంచి కారిపోతుంది.

పాత ఇంజిన్ కొనేటప్పుడు

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో గానీ, సికింద్రాబాద్ రాణీగంజ్ వైపు గానీ పాత ఇంజిన్ బేరమాడితే, ముందు ఇంజిన్ నంబరు ఫలకం చూడండి. నంబరు గీకేసి ఉన్నా, మళ్ళీ కొట్టినట్టున్నా ఎంత చవకైనా వదిలేయండి. బండిని తుక్కుకి ఇచ్చిన కాగితం, బిల్లు తీసుకోండి.

నడిచే స్థితిలో ఉంటే వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి, కంప్రెషన్ గేజ్ పెట్టండి. బ్యాటరీ నిండుగా ఉండాలి. చదరపు సెంటీమీటరుకి 14 కిలోల దరిదాపుల్లో వస్తే ఆరోగ్యంగా ఉన్నట్టు. 12 కన్నా తగ్గితే, లేదా సిలిండర్ల మధ్య తేడా ఒక కిలో దాటితే, ఇంజిన్ పని తప్పదు. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ చూడండి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ గాస్కెట్.

ఎలాగూ మొత్తం విప్పుతాం కాబట్టి రింగులు పోయిన ఇంజిన్ కొన్నా పరవాలేదు. వేడెక్కి హెడ్ వంగిన ఇంజిన్ మాత్రం కొనకండి. ఆయిల్ క్యాప్ కింద మజ్జిగలాంటి తెల్లటి జిగురు, వాటర్ పైపుల్లో తుప్పు మడ్డి ఉంటే అదే గుర్తు. బోరు నీళ్ళు పోసి నడిపిన అల్యూమినియం హెడ్‌లో వాటర్ దారుల చుట్టూ లోహం తినేసి ఉంటుంది. వెల్డింగ్‌తో దాన్ని నమ్మకంగా నిలబెట్టడం కష్టం.

విప్పి కొలవడం

కావాల్సినవి: 50-75 మి.మీ. మైక్రోమీటర్, డయల్ బోర్ గేజ్, ఫీలర్ గేజ్, మాగ్నెటిక్ స్టాండుతో డయల్ గేజ్, డిగ్రీ చక్రం, 50 సీసీ బ్యూరెట్, తిన్నని స్టీలు బద్ద, మంచి టార్క్ రెంచి. బోర్ గేజ్ లేకపోతే లేత్ షాపులో మీ ఎదుటే కొలిపించి అంకెలు రాసుకోండి. "బాగానే ఉంది సార్" అనేది కొలత కాదు.

బేరింగ్ క్యాపుల మీద ఏ నంబరుది ఏదో, ఎటు వైపో గుర్తు పెట్టకుండా ఒక్కటీ విప్పొద్దు. తారుమారైతే క్రాంక్ బిగుస్తుంది.

ఒక్కో బోర్‌ను పైన, మధ్యలో, కింద, మూడు చోట్ల, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలవండి. నాలుగు సిలిండర్లకి 24 అంకెలు. పైభాగంలో రింగు తిరిగే చోటే అరుగుదల ఎక్కువ కనబడుతుంది. బోరింగ్ అవసరమైతే పిస్టన్లు చేతికొచ్చాక, పిస్టన్ కొలతను బట్టి చేయించాలి. ముందే బోర్ చేయించి తర్వాత పిస్టన్ వెతకడం మన షాపుల్లో ఉన్న పాత దురలవాటు.

గ్యాప్ ఎంత? పోత పోసిన మామూలు పిస్టన్‌కి 0.03-0.04 మి.మీ. ఫోర్జ్‌డ్ పిస్టన్ వేడికి ఎక్కువ ఉబ్బుతుంది. మిశ్రమాన్ని బట్టి 0.05 నుంచి 0.08 దాకా అడుగుతుంది, పిస్టన్ తయారీదారు ఇచ్చిన చీటీలో అంకే ఖాయం. 7200 ఆర్‌పీఎం లోపు, టర్బో లేకుండా అయితే మంచి బ్రాండు మామూలు పిస్టన్ సరిపోతుంది. ఆ డబ్బు హెడ్ మీద పెట్టండి.

కింది భాగం

6500 నుంచి 7500కి వెళ్తే ఆర్‌పీఎం పెరిగింది పదిహేను శాతమే. కానీ పిస్టన్‌ను పైకి విసిరి వెనక్కి లాగే బలం వేగం వర్గంతో పెరుగుతుంది: 33 శాతం ఎక్కువ. ఆ లాగుడంతా కనెక్టింగ్ రాడ్ బోల్టుల మీద పడుతుంది. ఇంజిన్ బ్లాకుకి కిటికీ పడిందంటే ఎక్కువసార్లు తప్పు రాడ్‌ది కాదు, రెండోసారి వాడిన బోల్టుది. పాత బోల్టులు ఎంత బాగా కనిపించినా కొత్తవి వేయండి. వీలుంటే గట్టి స్టీలు బోల్టులు తెప్పించండి. కొత్త బోల్టులు బిగించాక రాడ్ పెద్ద కన్ను గుండ్రంగా ఉందో లేదో మళ్ళీ కొలవాలి, ఎక్కువ బిగుతుకి అది కోలగా మారొచ్చు.

క్రాంక్‌కి, రాడ్లకి పగుళ్ళ పరీక్ష చేయించండి. క్రాంక్ గ్రైండ్ చేయించాల్సి వస్తే జర్నల్ (బేరింగ్‌లో తిరిగే భాగం) అంచు మూలల్లో గుండ్రటి వంపు పోకూడదు. పదునైన మూల వదిలితే అక్కడినుంచే విరుగుతుంది. బేరింగ్ గ్యాప్‌ని ప్లాస్టిగేజ్‌తో (నొక్కితే పరుచుకునే సన్నటి ప్లాస్టిక్ తీగ) చూడండి: 0.03 నుంచి 0.05 మి.మీ. మధ్య ఉండాలి. అంతకన్నా బిగుతైతే వేడికి ఆయిల్ పొర తెగుతుంది, వదులైతే ప్రెషర్ పడిపోతుంది.

నాలుగు పిస్టన్లు, పిన్నులతో సహా, ఒక గ్రాము తేడాలోకి తేవాలి. రాడ్ల పెద్ద కొన, చిన్న కొన వేర్వేరుగా తూచి అదే తేడాలోకి. నగల కొట్టు కాటా దీనికి చక్కగా పనికొస్తుంది. తర్వాత క్రాంక్, ముందు పుల్లీ, ఫ్లైవీల్, క్లచ్ కవర్ అన్నీ కలిపి బ్యాలెన్స్ చేయించండి.

ఫ్లైవీల్ బరువు తగ్గిస్తే పికప్ తెలుస్తుంది. కానీ లోహం తీసేది బయటి అంచు వైపు వెనక ముఖం నుంచి, అదీ కొద్దిగా. పోత ఇనుప ఫ్లైవీల్‌ను పలచగా చెక్కితే 7000 దగ్గర పగిలి ముక్కలు డ్రైవర్ కాళ్ళ మీదికి వస్తాయి. ఎక్కువ తేలిక కావాలంటే స్టీలు ఫ్లైవీల్ కొనండి.

టాప్ రింగు గ్యాప్: బోర్‌కి వెయ్యిలో నాలుగు వంతులు, అంటే 74 మి.మీ. బోర్‌కి 0.30. రెండో రింగు కాస్త ఎక్కువ, 0.35. రింగును బోర్‌లో పెట్టి, పిస్టన్ తలతో చదునుగా కిందికి నెట్టి ఫీలర్ గేజ్‌తో చూడండి. తక్కువగా ఉంటే సన్నని ఆకురాయితో ఒక వైపు మాత్రమే, బయటి నుంచి లోపలికి రుద్దండి. గ్యాప్ చాలకపోతే వేడికి రింగు కొనలు ఢీకొంటాయి, పిస్టన్ అంచు విరుగుతుంది. ఎక్కువైతే పోయేది రెండు బీహెచ్‌పీ.

ఆయిల్ పంపు విప్పి గేర్ల గ్యాప్ చూసి, అనుమానంగా ఉంటే కొత్తది వేయండి. ట్రాక్ మీద పొడుగాటి మలుపులో ఆయిలంతా సంపులో (ఇంజిన్ కిందుండే ఆయిల్ తొట్టి) ఒక పక్కకి చేరి, పికప్ గొట్టం గాలి పీల్చుకుంటుంది. రెండు సెకన్లు చాలు, బేరింగులు పోతాయి. సంపులో పికప్ చుట్టూ గడపలాంటి రేకు గోడలు వెల్డ్ చేయించి, కిందిభాగంలో నూనె లోపలికి వచ్చే దారులు ఉంచండి. వంద రూపాయల రేకు లక్ష రూపాయల ఇంజిన్‌ను కాపాడే చోటు ఇది.

కంప్రెషన్ లెక్క

ఒక్కో సిలిండర్ 324.7 సీసీ. కంపెనీ కంప్రెషన్ (పిస్టన్ కిందున్నప్పటి చోటు, పైకి వచ్చినప్పటి చోటుకి ఎన్ని రెట్లో ఆ అంకె) 9.5 అంటే పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే చోటు 324.7 ÷ 8.5 = 38.2 సీసీ. మనకి 10.5 కావాలంటే 324.7 ÷ 9.5 = 34.2 సీసీ. తగ్గించాల్సింది నాలుగు సీసీ.

అంకెల్ని నమ్మకుండా కొలవండి. వాల్వులు, ప్లగ్గు బిగించిన హెడ్‌ను తిరగేసి, చాంబర్ చుట్టూ గ్రీజు రాసి, చిన్న రంధ్రం ఉన్న మందపాటి అక్రిలిక్ పలక అతికించండి. బ్యూరెట్‌తో రంగు కలిపిన కిరసనాయిల్ వదిలి ఎన్ని సీసీలు పట్టిందో రాసుకోండి. నాలుగు చాంబర్లూ 0.3 సీసీ తేడాలో ఉండాలి. ఎక్కువ తేడా ఉంటే చిన్న చాంబర్‌ను రుద్ది మిగతావాటితో సమానం చేయాలి.

ఇప్పుడు స్క్విష్ గ్యాప్: పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు దాని చదును అంచుకీ హెడ్ చదునుకీ మధ్య దూరం. బిగించిన గాస్కెట్ మందం, పిస్టన్ బ్లాకు పైముఖానికి ఎంత కింద ఆగిందో ఆ లోతు, ఈ రెండింటి మొత్తం అది. 1.0 మి.మీ. దగ్గర ఉంటే పెట్రోలు-గాలి మిశ్రమం బాగా కలిసి నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి ఒక్కసారిగా పేలడం) తగ్గుతుంది. 0.9 కన్నా తగ్గితే వేడెక్కి రాడ్లు సాగినప్పుడు పిస్టన్ హెడ్‌కి తగలొచ్చు. 1.5 ఉంటే అది ఉత్త ఖాళీ, నాకింగ్‌కి స్థావరం.

అందుకే ముందు బ్లాకు పైముఖం కోయించి స్క్విష్ సరిచేయండి. బ్లాకు మీద ప్రతి 0.1 మి.మీ.కి 0.43 సీసీ తగ్గుతుంది. స్క్విష్ 1.5 నుంచి 1.0కి తెస్తే రెండు సీసీకి పైగా వచ్చేసినట్టే. మిగిలింది హెడ్ నుంచి తీయాలి. హెడ్ కోత స్క్విష్‌ను మార్చదు, చాంబర్‌ను మాత్రమే చిన్నది చేస్తుంది. ఎంత కోయాలో ఇలా తెలుసుకోండి: హెడ్‌ను మట్టం పెట్టి, చాంబర్ నిండటానికి రెండు సీసీ తక్కువగా కిరసనాయిల్ పోసి, పైనుంచి ద్రవం దాకా లోతు కొలవండి. ఆ లోతే కోత. లేత్ వాళ్ళకి "కాస్త ఫేసింగ్ కొట్టు" అనకండి, అంకె రాసివ్వండి.

10.5 మీద ఎందుకు ఆగాలి? బంకుల్లో నమ్ముకోగలిగేది 95 ఆక్టేన్ (పెట్రోలు నాకింగ్‌ని ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె) దాకానే. మే నెల ఎండలో 40 డిగ్రీలు దాటిన గాలి లోపలికి పోతుంటే 95 ఆక్టేన్ మీద 10.5 సుఖంగా నడుస్తుంది. 100 ఆక్టేన్ పెట్రోలు కొన్ని బంకుల్లోనే ఉంటుంది, ట్రాక్ ఊళ్ళో దొరక్కపోతే స్పార్కు టైమింగ్ వెనక్కి లాక్కోవాల్సిందే, పెంచిన కంప్రెషన్ వృథా.

హెడ్ పని

పోర్టుల్ని (హెడ్‌లో గాలి, పొగ వెళ్ళే దారులు) పెద్దవి చేయడం, అద్దంలా మెరిపించడం రెండూ నష్టమే. పెద్ద పోర్టులో గాలి వేగం తగ్గి కింది ఆర్‌పీఎంలో ఇంజిన్ చచ్చుబడుతుంది. చేయాల్సినవి: మానిఫోల్డ్, గాస్కెట్, పోర్టు కలిసే చోట మెట్లు పోగొట్టడం. వాల్వు గైడ్ చుట్టూ, సీటు కింద గొంతు దగ్గర పోత గరుకులు, అడ్డుగా ఉన్న అంచులు నునుపు చేయడం. ఇన్‌టేక్ వైపు 80 నంబరు ఎమరీతో ఆపండి. ఎగ్జాస్ట్ వైపు నునుపుగా ఉంటే మసి తక్కువ పడుతుంది.

అసలు లాభం వాల్వు సీటులో ఉంది. 45 డిగ్రీల సీటుకి పైన 30, కింద 60 డిగ్రీల కోతలు వేయించండి. ఇన్‌టేక్ సీటు వెడల్పు 1.0-1.2 మి.మీ., ఎగ్జాస్ట్ 1.5. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిని సీటు ద్వారానే వదులుకుంటుంది, సన్నగా చేస్తే కాలిపోతుంది. గైడ్లు వదులైతే ముందు గైడ్లు మార్చి తర్వాత సీటు కోయించాలి. ఈ వరుస తిరగబడితే సీటు మధ్యకి రాదు. చివరగా సన్న గ్రైండింగ్ పేస్ట్‌తో ల్యాపింగ్ చేసి, పోర్టులో పెట్రోలు పోసి పది నిమిషాలు చూడండి. తడి కనబడకూడదు.

క్యామ్

264 నుంచి 272 డిగ్రీల డ్యూరేషన్ (క్రాంక్ ఎన్ని డిగ్రీలు తిరిగేదాకా వాల్వు తెరిచి ఉంటుందో), దాదాపు 9 మి.మీ. లిఫ్ట్ (వాల్వు తెరుచుకునే ఎత్తు). ఈ ఇంజిన్ ఆశలకి ఇది చాలు. 290 డిగ్రీల క్యామ్ కూడా అమ్ముతారు. 5000 దాకా ఏమీ లాగదు, ఐడిల్ నిలవదు, మామూలు గేర్‌బాక్సుతో ప్రతి మలుపులోనూ దాని పరిధి కిందికి జారిపోతారు.

పాత క్యామ్‌నే తిరిగి గ్రైండ్ చేయించడం చవక దారి. అప్పుడు బేస్ సర్కిల్ (క్యామ్ ముక్కు కాక మిగిలిన గుండ్రటి భాగం) చిన్నదవుతుంది, రాకర్ ఆర్మ్ తాకే కోణం మారుతుంది, పైన గట్టిపరచిన పొర పలచబడుతుంది. చేయించినవాళ్ళని గట్టిదనం మళ్ళీ ఎక్కించారా అని అడగండి. రాకర్ ముఖాలు అరిగి ఉంటే కొత్త క్యామ్‌ను వంద కిలోమీటర్లలో తినేస్తాయి, రెండూ కలిపే మార్చాలి.

కొత్త లిఫ్ట్‌తో మూడు తనిఖీలు తప్పవు. ఒకటి, వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి తాకకుండా ఇంకా కనీసం ఒక మి.మీ. నొక్కుడుకి చోటుండాలి. రెండు, రిటైనర్ కిందికొచ్చి ఆయిల్ సీల్‌ని తాకకూడదు. మూడోది, వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య దూరం: పిస్టన్ మీద పిల్లలు ఆడుకునే క్లే ముద్ద పెట్టి, నూనె రాసి, పాత గాస్కెట్‌తో హెడ్ బిగించి, బెల్టు వేసి, పానాతో చేత్తో రెండు చుట్లు తిప్పండి. ఎక్కడైనా బిగుసుకుంటే బలవంతం చేయకండి. విప్పి క్లేని బ్లేడుతో కోసి మందం కొలవండి. ఇన్‌టేక్ దగ్గర 1.5 మి.మీ., ఎగ్జాస్ట్ దగ్గర 2.0 కనీసం ఉండాలి. లేకపోతే పిస్టన్‌లో వాల్వు గుంటలు లోతు చేయించాలి, ఆ తర్వాత కంప్రెషన్ మళ్ళీ లెక్క కట్టాలి.

హెడ్, బ్లాకు కోయడంతో క్యామ్, క్రాంక్ దగ్గరయ్యాయి కదా, బెల్టు మార్కులు కలిసినా క్యామ్ కాస్త ఆలస్యంగా నడుస్తుంది. కాబట్టి సర్దుకునే క్యామ్ పుల్లీ వేసి, డిగ్రీ చక్రం, డయల్ గేజ్‌తో క్యామ్ చీటీలో ఉన్న అంకెకి తేవాలి. ట్యాపెట్ గ్యాప్ కూడా క్యామ్ చేసినవాళ్ళు ఇచ్చినదే పెట్టాలి, పాత మాన్యువల్‌లోది కాదు. ఇక బెల్టు తెగితే వాల్వులు వంగుతాయనే లెక్కలో ఉండండి. కొత్త బెల్టు, కొత్త టెన్షనర్.

గాలి, సైలెన్సర్

బానెట్ కింద కోన్ ఫిల్టర్ తగిలిస్తే చప్పుడు పెరుగుతుంది, పవర్ తగ్గుతుంది. రేడియేటర్ వెనక గాలి 60 డిగ్రీలు ఉంటే, బయట 30 డిగ్రీల గాలితో పోలిస్తే అందులో ప్రాణవాయువు తొమ్మిది శాతం తక్కువ. హెడ్ మీద నెల రోజులు పడ్డ కష్టం అక్కడే పోతుంది. ఫిల్టర్‌ను మూసిన పెట్టెలో ఉంచి, హెడ్‌లైటు పక్కనుంచో ముందు గ్రిల్ నుంచో 70 మి.మీ. గొట్టంతో బయటి గాలి తెప్పించండి.

ఎగ్జాస్ట్‌కి 4-2-1 అమరిక (నాలుగు గొట్టాలు రెండై, ఆ రెండూ ఒకటవడం) మంచిది, మధ్య ఆర్‌పీఎంలో లాగుడు ఉంటుంది. 6500 చుట్టూ పని చేయాలంటే పోర్టు నుంచి చివరి కలయిక దాకా సుమారు 740 మి.మీ., మొదటి గొట్టాల లోపలి వ్యాసం 34 మి.మీ. నాలుగు దారుల పొడవూ 25 మి.మీ. తేడాలో ఉండాలి. అక్కడినుంచి వెనక్కి 48-50 మి.మీ. పైపు ఒకటే. అంతకన్నా లావు పైపు ఈ ఇంజిన్‌కి అక్కర్లేదు.

పెట్రోలు, స్పార్కు, ఈసీయూ

గంటకి ఎన్ని లీటర్లో వెతకక్కర్లేదు: ఒక్కో బీహెచ్‌పీకి నిమిషానికి 5.25 సీసీ పెట్రోలు అనుకోండి. 105 బీహెచ్‌పీకి 551 సీసీ, నాలుగింటికి పంచితే 138. ఇంజెక్టర్ 80 శాతం కన్నా ఎక్కువ సేపు తెరిచి ఉండకూడదు కాబట్టి 172 సీసీ సామర్థ్యం కావాలి. మీ ఇంజెక్టర్లు శుభ్రం చేయించి, ఫ్లో బెంచీ మీద కొలిపించి, చాలకపోతేనే మార్చండి.

ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) మ్యాప్ సెన్సార్ (మానిఫోల్డ్‌లో గాలి ఒత్తిడి కొలిచేది) మీద నడిచేదైతే పెద్ద క్యామ్ వల్ల ఐడిల్ దగ్గర వాక్యూమ్ ఊగి అది తికమకపడుతుంది. ప్రోగ్రామ్ చేసుకోగల వేరే ఈసీయూ, వైడ్‌బ్యాండ్ సెన్సార్ (ఎగ్జాస్ట్ పొగ నుంచి మిశ్రమం కొలిచేది) ఈ పనికి తప్పనిసరి ఖర్చు. మిశ్రమాన్ని ఏఎఫ్‌ఆర్ (గాలి-పెట్రోలు నిష్పత్తి) అంకెల్లో కాకుండా లాంబ్డాలో (పెట్రోలు పూర్తిగా కాలడానికి సరిపడా గాలి ఉంటే 1, పెట్రోలు ఎక్కువైతే 1 కన్నా తక్కువ) పెట్టండి. ఇప్పుడు వచ్చే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉండటంతో పాత 14.7 లెక్క సరిపోదు, లాంబ్డా మాత్రం ఏ పెట్రోల్‌కైనా ఒకటే. పూర్తి యాక్సిలరేటర్ మీద 0.87-0.88. పాత బండి రబ్బరు పెట్రోలు పైపులు, ఇంజెక్టర్ ఓ-రింగులు ఇథనాల్‌కి ఉబ్బి పగులుతాయి. తట్టుకునే రకంవి ఇప్పుడే వేయండి.

ప్లగ్గులు ఒక మెట్టు చల్లటివి. ఎన్‌జీకేలో అంకె పెరిగితే చల్లన. గ్యాప్ 0.8 మి.మీ.

కూలింగ్

"ఎండాకాలం కదా, థర్మోస్టాట్ తీసేద్దాం సార్" అనే మాట ప్రతి షెడ్డులోనూ వినబడుతుంది. తీసేయొద్దు. అది లేకపోతే నెమ్మదిగా నడిపేటప్పుడు ఇంజిన్ చల్లగా ఉండిపోయి బోర్ త్వరగా అరుగుతుంది, ఈసీయూ ఇంకా వేడెక్కలేదనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది. వేడి సమస్య ఉంటే కారణం రేడియేటర్‌లో ఉంటుంది. మందపాటి అల్యూమినియం రేడియేటర్, దాని చుట్టూ గాలి పక్కకి పోకుండా రేకు, కొత్త వాటర్ పంపు, కొత్త క్యాప్. కూలెంటు, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. ఆయిల్ కూలర్ వేస్తే థర్మోస్టాట్ ఉన్న రకమే.

మొదటి స్టార్ట్

1. ఆయిల్ పోశాక, ప్లగ్గులు లేకుండా, ఇంజెక్టర్ల వైరు తీసేసి, ఆయిల్ ప్రెషర్ కనబడేదాకా సెల్ఫ్ కొట్టండి. గేజ్ లేకుండా, లైటు మీద ఆధారపడి ఈ ఇంజిన్ నడపకండి.
2. పోసేది మినరల్ ఆయిలే కావాలి. సింథటిక్‌కి తర్వాత మారొచ్చు.
3. అంటుకోగానే ఐడిల్‌లో వదలకండి. 2000-2500 మధ్య మారుస్తూ 20 నిమిషాలు నడిపితే క్యామ్, రాకర్లు కుదురుకుంటాయి. లీకులు చూస్తూ ఉండండి.
4. ఆపి ఆయిల్, ఫిల్టర్ మార్చండి. పాత ఫిల్టర్‌ను కోసి కాగితం విప్పి చూడండి. సన్నటి బూడిద రంగు పొడి మామూలే. మెరిసే రేకులు, అయస్కాంతానికి అంటుకునే ముక్కలు కనబడితే మళ్ళీ స్టార్ట్ చేయకుండా విప్పండి.
5. తర్వాత డైనో (బండి శక్తి కొలిచే యంత్రం) మీద గానీ మూసిన ట్రాక్ మీద గానీ మూడో గేర్‌లో 2500 నుంచి 4500 దాకా సగానికి పైగా యాక్సిలరేటర్‌తో లాగించి, ఇంజిన్ బ్రేకు మీద దించండి. పదిహేను ఇరవై సార్లు. రింగుల్ని బోర్‌కి అద్దేది ఈ లోడే. నిదానంగా నెల రోజులు నడిపితే బోర్ మెరుపెక్కి ఆయిల్ తాగుతుంది.

ట్యూనింగ్ రోజు ముందు మిశ్రమం, తర్వాతే స్పార్కు టైమింగ్ (పిస్టన్ పైకి చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు స్పార్కు పడాలో). పూర్తి లోడు మీద 22 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి రెండేసి డిగ్రీలు పెంచండి. టార్క్ పెరగడం ఆగిన చోట ఆగి, ఒక డిగ్రీ వెనక్కి. ఈ రకం చాంబర్లలో అది సాధారణంగా 26-30 మధ్య తేలుతుంది. నాకింగ్ చెవికి వినబడేసరికే ఆలస్యం, బ్లాకుకి సెన్సార్ బిగించి హెడ్‌ఫోనులో వినండి. రెవ్ లిమిటర్ 7200.

డైనో చక్రాల దగ్గర కొలుస్తుంది. గేర్‌బాక్సు నష్టం పోగా అక్కడ 88-92 కనబడితే ఇంజిన్ దగ్గర నూటికి పైనే ఉన్నట్టు. 80 దాటకపోతే క్యామ్ డిగ్రీలు మళ్ళీ చూడండి, పొరపాటు ఎక్కువగా అక్కడే ఉంటుంది. వేడి మీద ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకి 0.7 బార్ ఆయిల్ ప్రెషర్ ఉండాలి, 7000 దగ్గర సుమారు ఐదు బార్.

500 కిలోమీటర్లకి, లేదా మొదటి ట్రాక్ రోజు తర్వాత, ట్యాపెట్లు, ఎగ్జాస్ట్ నట్లు, బెల్టు బిగుతు చూసి, ఫుల్ సింథటిక్‌కి మారండి. హెడ్ బోల్టుల్ని మాత్రం మాన్యువల్ చెప్పకుండా మళ్ళీ బిగించకండి.